భారత పాస్‌పోర్టుతో విదేశాల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: కన్సల్టెన్సీకి డబ్బు కట్టవచ్చా?

ప్రశ్న (తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి)

అందరికీ నమస్కారం. నేను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు, ఆ తరువాత రెగ్యులర్ బి.ఎడ్. పూర్తి చేసి, తిరుపతిలోని ఒక ప్రైవేటు పాఠశాలలో అయిదేళ్లుగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. జీతం నెలకు 21 వేలు, వేసవి సెలవుల్లో సగమే ఇస్తారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. విదేశంలో మంచి ఉద్యోగం దొరికితే నేను వెళ్లడానికి మా వారికీ అత్తయ్యగారికీ అభ్యంతరం లేదు.

ఇటీవల ఇక్కడి ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. దక్షిణ కొరియాలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే ప్రైవేటు అకాడమీలో ఉద్యోగం, నెలకు లక్షన్నర జీతం, గదీ విమానం టికెట్టూ ఉచితం అని చెప్పి, మొత్తం 1,80,000 రూపాయలు అవుతుందనీ, సగం ముందే కట్టాలనీ అన్నారు. వారం రోజుల్లో ముగిసే 120 గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్టు కూడా వాళ్లే ఇప్పిస్తారట. వారం రోజుల్లో 120 గంటలు ఎలా పడతాయో నాకు లెక్క అందలేదు. డబ్బు ఇంకా కట్టలేదు గానీ, ఫైలు తయారు చేయాలంటే పదో తరగతి నుంచి బి.ఎడ్. వరకు ఒరిజినల్స్ అన్నీ వాళ్లకు ఇచ్చి వచ్చాను.

ఇది నిజంగా కుదిరే పనేనా? కుదరకపోతే నా చదువుకు తలుపు తెరిచే దేశాలు ఏవి? సెల్టా వంటి ఖరీదైన ఇంగ్లీషు బోధన కోర్సు చేయడం అవసరమా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (చంద్రగిరి నుంచి, షార్జాలో ఏడేళ్లు పనిచేసిన ఉపాధ్యాయిని)

అమ్మా, మిగతా విషయాలన్నీ తరువాత. రేపు ఉదయమే వెళ్లి మీ ఒరిజినల్స్ వెనక్కు తీసుకోండి. ఏ ఫైలుకైనా స్కాన్ కాపీలు చాలు. ఒరిజినల్స్ చేతిలో పెట్టుకున్నవాడు రేపు మీరు వద్దన్నా డబ్బు అడగగలడు.

కొరియాలో అకాడమీల్లో ఇంగ్లీషు నేర్పేవారికి ఇచ్చే ఇ-2 వీసాకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులే అర్హులు. 2010లో అమలులోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం కింద ఉపాధ్యాయ అర్హత గల భారతీయులకు అక్కడి బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలు కాగితం మీద ఉన్నది గానీ, అది ప్రైవేటు అకాడమీలకు వర్తించదు. అంటే మీకు చెప్పిన ఉద్యోగం మీ పాస్‌పోర్టు మీద రానే రాదు. చైనాలోనూ ఇంతే. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల వారికే అక్కడ భాషా ఉపాధ్యాయుల వర్క్ పర్మిట్ ఇవ్వాలన్నది సాధారణ నియమం. ఇంగ్లండ్ 2023లో మన బి.ఎడ్. వంటి అర్హతల గుర్తింపు మొదలుపెట్టినా, మన దేశం వారి విషయంలో దాన్ని గణితం, సైన్సు, ఇతర భాషలు చెప్పేవారికి పరిమితం చేసి ఇంగ్లీషును పక్కన పెట్టింది. ఎం.ఏ. ఇంగ్లీషు చేసిన మనకు ఇది కాస్త చివుక్కుమనిపించే మాటే.

ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాలు రెండు రకాలని నా అభిప్రాయం. భాష నేర్పే సంస్థలు ముందు మీ పాస్‌పోర్టు రంగు చూస్తాయి, పాఠశాలలు ముందు మీ బి.ఎడ్. చూస్తాయి. మన బలం రెండో చోట ఉంది. యు.ఏ.ఈ., ఒమన్, కువైట్, ఖతార్ దేశాల్లో సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమం నడిపే భారతీయ పాఠశాలలు ఎన్నో ఉన్నాయి, వాటికి ప్రతి ఏడూ ఇంగ్లీషు ఉపాధ్యాయులు కావాలి. మన పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లేవారి కథలు విని గల్ఫ్ అనగానే భయపడతాం గానీ, బడి ఉద్యోగం దారి వేరు.

ఆ దారిలో అసలు శ్రమ కాగితాల దగ్గరే. మొదట మీ చేతిలో ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పట్టా కాదు, ఓడీ, అంటే అసలు డిగ్రీ పట్టా ఉండాలి. స్నాతకోత్సవానికి దరఖాస్తు చేయక పదేళ్లుగా ప్రొవిజనల్‌తోనే కాలం గడిపేవారు మనలో చాలామంది. దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తరువాత కేంద్ర విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, చివరికి అక్కడికి వెళ్లాక వారి విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఒక దేశం వేసిన ఒకే ముద్రను సభ్య దేశాలన్నీ ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005లోనే చేరింది గానీ యు.ఏ.ఈ., కువైట్ అందులో లేవు, కాబట్టి వాటికి ఈ గొలుసు తప్పదు. నాకు అన్నీ పూర్తి కావడానికి రెండు నెలల పైనే పట్టింది. మీది రెగ్యులర్ బి.ఎడ్. కావడం అదృష్టం, ఎందుకంటే దూరవిద్య పట్టాలను కొన్ని గల్ఫ్ దేశాలు ఒప్పుకోవు.

ఇంకొకటి, పేరు. మన పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి రాస్తారు, డిగ్రీలో ఆ అక్షరం పేరుకు ముందు కాక వెనుక పడుతుంది. ముగ్గురూ ఒకే మనిషని ఇక్కడ ఎవరికైనా తెలుస్తుంది, అక్కడి గుమాస్తాకు తెలియదు. నా సహోద్యోగిని ఒకామె ఈ ఒక్క అక్షరం కోసం సెలవు పెట్టి తిరుపతికి వచ్చి వెళ్లింది.

పాపను తీసుకెళ్లే విషయం: యు.ఏ.ఈ.లో నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతి కాక 3,000 దిర్హాముల జీతం ఉన్నవారు కుటుంబానికి వీసా తీసుకోవచ్చు, మహిళలకూ అదే నియమం. ఉపాధ్యాయుల పిల్లలకు ఫీజులో రాయితీ ఇచ్చే పాఠశాలలు చాలా ఉన్నాయి, ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటపడకండి. అక్కడి భారతీయ పాఠశాలలు ఏప్రిల్‌లో మొదలవుతాయి కనుక డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇంటర్వ్యూలు జోరుగా ఉంటాయి. విజిట్ వీసా మీద రండి, వచ్చాక మారుస్తాం అనే మాటకు మాత్రం ఎంత పెద్ద బడి అయినా ఒప్పుకోవద్దు.

జవాబు 2 (రేణిగుంట నుంచి, థాయిలాండ్‌లో మూడేళ్లు ఉన్న వ్యక్తి)

పై మేడమ్ గారి మాటల్లో చాలావరకు నిజమే గానీ, గల్ఫ్ ఒక్కటే దారి అన్నట్టు ధ్వనించడం నాకు సరిగా అనిపించలేదు. థాయిలాండ్‌లో భారతీయులు చట్టబద్ధంగానే బడుల్లో ఇంగ్లీషు చెబుతున్నారు. డిగ్రీ, పోలీసు క్లియరెన్సు, నాన్-ఇమ్మిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్, అక్కడి ఉపాధ్యాయ మండలి లైసెన్సు లేదా తాత్కాలిక అనుమతి ఉండాలి. ఇంగ్లీషు మాతృభాష కానివారిని టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600 మార్కులు చూపమని అడుగుతారు. బి.ఎడ్. ఉన్నవారికి లైసెన్సు విషయంలో మేలు. బడులు మే నడుమ తెరుస్తారు, అక్టోబరులో సెలవులుంటాయి, ఆ రెండు సమయాలకు ముందు ఖాళీలు పడతాయి.

జీతంలో వివక్ష ఉందని దాచను. నాకు నెలకు 25 వేల భాట్లు ఇస్తే, పక్క గదిలో అదే తరగతికి అదే పుస్తకం చెప్పే బ్రిటన్ కుర్రవాడికి 38 వేలు ఇచ్చేవారు. అతనికి బి.ఎడ్. లేదు.

సెల్టా గురించి అడిగారు. అది కేంబ్రిడ్జి వారి కోర్సు, కనీసం 120 గంటలు, అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, వెనుక కూర్చుని మార్కులు వేస్తారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్టులో ఈ ఆరు గంటలూ ఉండవు, తేడా అంతా అక్కడే. కానీ ఖర్చు లక్షకు పైమాటే. మీరు బడి ఉద్యోగమే చూసుకుంటే ఇప్పుడే అవసరం లేదని నా ఉద్దేశం, పెద్దలకు భాష నేర్పే సంస్థల వైపు వెళ్తేనే దాని విలువ తెలుస్తుంది. నేను చేశాను, ఒక్క అలవాటు పోగొట్టుకున్నాను. మన తరగతిలో పాఠం అయ్యాక “అర్థమైందా?” అంటాం, అరవై గొంతులు “అర్థమైంది సార్” అంటాయి, ఎవరికీ అర్థమై ఉండదు. “ఐ యూస్డ్ టు లివ్ ఇన్ చిత్తూర్” అనే వాక్యం నేర్పాక “అర్థమైందా” అనకూడదు, “నేను ఇప్పుడు చిత్తూరులో ఉన్నానా?” అని అడగాలి. జవాబులోనే అంతా తేలిపోతుంది.

ఉచ్చారణ మీద కూడా ఒక మాట. నా మొదటి డెమో వీడియో చూసిన ప్రధానోపాధ్యాయురాలు, ప్రతి మాట చివర ఏదో అదనపు శబ్దం వస్తోంది, అది ఏమిటి అని మర్యాదగా అడిగింది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక బుక్కు, పెన్ను, బోర్డు అని మనకు తెలియకుండానే ఒక ఉకారం చేర్చేస్తాం. పడమరకూ బనియనుకూ, అంటే వెస్ట్‌కూ వెస్ట్‌కూ, మన లిపిలోనూ నోటిలోనూ ఒకే ‘వ’. మొదటిదానికి పెదవులు గుండ్రంగా తిరగాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. బ్రిటన్ యాస అనుకరించనక్కరలేదు, అది వెగటుగా ఉంటుంది. రోజూ పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని మాట చివరలు వినండి, రెండు నెలల్లో మార్పు మీకే తెలుస్తుంది.

జవాబు 3 (మదనపల్లె నుంచి)

మాల్దీవులను ఎవరూ చెప్పలేదు. అక్కడ దివేహి భాష, ఇస్లాం తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి, పదో తరగతిలో విదేశీ పరీక్షా బోర్డుల పరీక్షలు రాస్తారు. భారతీయ ఉపాధ్యాయులు మొదటి నుంచీ చాలామంది ఉన్నారు. నేను ఒక చిన్న దీవిలో రెండేళ్లు ఉన్నాను. ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంట నడక, కూరగాయలు పడవలో వస్తాయి, తుపాను పట్టిందంటే టమాటా కనిపించదు. తరగతిలో పిల్లలు తక్కువ, గౌరవం ఎక్కువ. డాలర్ల కొరత వల్ల జీతాన్ని మార్చి ఇంటికి పంపడం మాత్రం తలనొప్పి, కాబట్టి ఒప్పందంలో ఎంత డాలర్లలో, ఎంత రుఫియాలలో ఇస్తారో రాయించుకోండి. చిన్న పాపతో చిన్న దీవికి వెళ్లమని నేను చెప్పను.

రవీంద్రుడు జనగణమనను 1919లో ఇంగ్లీషులోకి మార్చింది మా ఊరి కాలేజీలోనే. అయినా మా ఇంగ్లీషు మీద వీసా అధికారులకు నమ్మకం కుదరలేదు!

ఏజెంట్ల విషయం: 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశీ ఉద్యోగాలు ఇప్పించేవారికి కేంద్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి, వారు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి., అంతే. ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు నంబరు వెతికి చూడండి. మీరు చెప్పిన 1,80,000 ఆ పరిమితికి ఆరు రెట్లు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వారితో కలిసి వెళ్లి ఒరిజినల్స్ తెచ్చుకున్నాను. ఫైలు చార్జీలని 5,000 అడిగారు. ఇ-మైగ్రేట్‌లో మీ నంబరు కనిపించడం లేదని మా వారు ఫోను తెరిచి చూపించగానే లోపలి నుంచి కవరు వచ్చింది. ఇంటికి వచ్చి చూసుకుంటే నాకు ఉన్నది ప్రొవిజనలే. పైగా నా సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇప్పుడు ఏది మార్చుకోవాలి?

జవాబు 1

సర్టిఫికెట్ల జోలికి వెళ్లకండి, అవి మార్చడం ఏళ్ల పని. పెళ్లయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. రీ-ఇష్యూకు దరఖాస్తు పెట్టి, మీ పేరును పదో తరగతిలో ఉన్నట్టే తిరిగి రాయించుకుని, భర్త పేరు వేరే గడిలో ఉంచండి. వివాహ నమోదు పత్రం కూడా దగ్గర పెట్టుకోండి, రేపు పాప వీసాకు అదీ, పాప జనన పత్రమూ ఇదే ముద్రల గొలుసు గుండా వెళ్లాలి. పోలీసు క్లియరెన్సు మాత్రం ఇప్పుడే తీసుకోకండి. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే 500 రూపాయలకు ఇస్తారు గానీ, కొన్ని నెలలు గడిస్తే పాతదని మళ్లీ తెమ్మంటారు. కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చి, ఆఫర్ ఖాయమయ్యాక తీసుకుంటే చాలు. రేపు విశ్వవిద్యాలయానికి వెళ్లి ఓడీ దరఖాస్తు పెట్టండి, డిసెంబరు లోపల అది మీ చేతిలో ఉండాలి.