భారత పాస్‌పోర్ట్ తీసుకుంటే టిబెట్‌ను వదిలేసినట్టేనా?

ప్రశ్న:
బెంగళూరులో మా టీమ్‌లో ఒక టిబెటన్ అమ్మాయి ఉంది, పుట్టింది మైసూరు దగ్గరి టిబెటన్ శరణార్థుల ఊరు బైలకుప్పెలో. ఏటా మార్చి 10న, అంటే 1959లో టిబెట్ రాజధాని లాసా చైనా మీద తిరగబడిన రోజున, సెలవు పెట్టి మరీ ర్యాలీకి వెళ్తుంది. వాళ్ల నాన్న 1987కి ముందు ఇక్కడే పుట్టారు కాబట్టి పాస్‌పోర్ట్‌కి అప్లై చేద్దామనుకుంటోంది. తాతగారు మాత్రం ససేమిరా అంటున్నారట, శరణార్థులుగా ఉన్నంతకాలమే మన మాట ఎవరైనా వింటారని. నిజంగా ఉద్యమం బలహీనపడుతుందా?

చదువరి:
1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ, 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఇది టిబెటన్లకూ వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010లోనే తేల్చింది. చిక్కంతా 2017లో విదేశాంగ శాఖ పెట్టిన షరతులతో వచ్చింది: ఆర్‌సీ (ఇక్కడ ఉండటానికి టిబెటన్లకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) తిరిగిచ్చేయాలి, టిబెటన్ సెటిల్‌మెంట్‌లో ఉండకూడదు, ధర్మశాలలోని టిబెటన్ ప్రవాస ప్రభుత్వం సాయం తీసుకోకూడదు. అడవి కొట్టి ఊరు కట్టుకున్న తరం వాళ్లది, ఇల్లు వదలమంటే తాతగారికి టెన్షన్ ఉండదా? అప్లై చేసేముందు ఇప్పటి రూల్స్ ఏమిటో లాయర్‌ని అడగమనండి.

మైసూరు తెలుగు:
తాతగారి బాధ అర్థమవుతుంది కానీ నేను ఒప్పుకోను. 2019లో షీ జిన్‌పింగ్ మామల్లపురం వచ్చినప్పుడు ఏమైంది? చెన్నైలో టిబెటన్ విద్యార్థుల్ని ముందుగానే పట్టుకెళ్లారు. ఆర్‌సీ రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి ఎంతని గొంతెత్తగలడు? పౌరులైతే కనీసం ఆ భయం తగ్గుతుంది. అయినా వాళ్లలోనే అందరిదీ ఒక మాట కాదు. ధర్మశాల, అంటే ప్రవాస ప్రభుత్వం, వైఖరి ఉమేలం (మధ్యే మార్గం), అంటే చైనాలో ఉంటూనే నిజమైన స్వయంప్రతిపత్తి. 1970లో పుట్టిన టిబెటన్ యూత్ కాంగ్రెస్‌ది రాంగ్జెన్, పూర్తి స్వాతంత్ర్యం. ఒకే ఇంట్లో రెండు వాదాలవాళ్లూ ఉంటారు, వాళ్లలో ఎవరిది ఏ పాస్‌పోర్టో చూసి నిబద్ధత కొలవలేం.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్. మరి పాస్‌పోర్ట్ వచ్చాక ప్రవాస ఎన్నికల్లో ఓటు పోతుందా? ఆమెకి అన్నిటికంటే ఆ బెంగే ఎక్కువ.

మైసూరు తెలుగు:
దానికి చూసేది గ్రీన్ బుక్, అంటే ప్రవాస ప్రభుత్వం టిబెటన్లకిచ్చే గుర్తింపు పుస్తకం. చత్రెల్ అనే చందా ఏటా కడుతూ అది చేతిలో ఉంచుకోవాలి. స్విట్జర్లాండ్, అమెరికా పౌరులైపోయిన టిబెటన్లు కూడా ఓటేస్తున్నారు, ప్రవాస పార్లమెంటులో యూరప్‌కి రెండు సీట్లు, అమెరికా ఖండాలకి రెండు సీట్లు ఉన్నాయి. తాతగారికి ముందు ఈ సంగతి చెప్పమనండి.