బిబ్బుల్మన్ ట్రాక్: బ్యాగు 19 కిలోలు తూగింది, ఏం తీసేయాలి?

తెనాలి_పెర్త్:
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో మా ఆయనా నేనూ బిబ్బుల్మన్ ట్రాక్ (పశ్చిమ ఆస్ట్రేలియాలో అడవి గుండా వెళ్లే కాలిబాట) మొదటి ముక్క నడుద్దామనుకుంటున్నాం. ఆల్బనీ దాకా వెయ్యి కిలోమీటర్లు మా వల్ల కాదు, కలమండా నుంచి డ్వెల్లింగప్ దాకానే, 210 కిలోమీటర్లు. సెలవు 12 రోజులు. నాకు 46, ఆయనకి 51. సాయంత్రం పార్కులో నడవడం తప్ప అలవాటేమీ లేదు. నిన్న బ్యాగు సర్ది బాత్రూమ్ కాటా మీద పెడితే 19 కిలోలు. నేనే 58! దారిలో ఊరేదీ లేదట, తిండంతా మొయ్యాల్సిందేనా? పైగా ఈయన ఆవకాయ సీసా లేకుండా గుమ్మం దాటనంటున్నారు.

జర్రా_బాబాయ్:
అమ్మాయ్, ముందు సీసా సంగతి కాదు, దూరం సంగతి చూసుకోండి. డ్వెల్లింగప్‌లోపు రాత్రి బసకి 15 గుడిసెలున్నాయి, అంటే 16 మజిలీలు. 12 రోజుల్లో ముగించాలంటే నాలుగు రోజులు రెండేసి మజిలీలు కలుపుతూ పరిగెత్తాలి. గ్రింగర్ క్రీక్ గుడిసె సరిగ్గా పన్నెండోది, ఆల్బనీ హైవే పక్కనే. అక్కడ ఆపేయండి. రోడ్‌హౌస్‌లో వేడివేడి చిప్స్ తిని కారెక్కొచ్చు. మిగతాది వచ్చే ఏడు.

తిండి మనిషికి రోజుకి 700 గ్రాములు లెక్కేసుకోండి. 12 రోజులకి ఎనిమిది కిలోలు దాటుతుంది. సగమే మొయ్యండి, మిగతా సగం ఎవరైనా తెలిసినవాళ్లని బ్రూక్టన్ హైవే దాటే చోటికి కారులో తెమ్మనండి. మా కోడలు మాకు అలాగే తెచ్చింది, పెరుగన్నం డబ్బాతో సహా.

అన్నం పొడిపొడిగా వండి, ఒవెన్‌లో సన్నటి వేడి మీద గలగలలాడేదాకా ఆరబెట్టండి. మరిగే నీళ్లు పోసి గిన్నెకి తువ్వాలు చుట్టి పావుగంట ఉంచితే మళ్లీ అన్నమే. కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి. పొద్దున అటుకులు.

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద రెండు ఉష్ణోగ్రత అంకెలుంటాయి. 'కంఫర్ట్' అన్నదే చూడండి. 'లిమిట్' అన్నది నమ్మి నేను ఈ దారిలోని మౌంట్ కుక్ కొండ కింద రాత్రంతా రెయిన్‌కోట్ కూడా కప్పుకుని కూర్చున్నా. గుడిసెకి మూడువైపులే గోడలు, నాలుగో వైపు అడవే. జనం నిండిపోతే చోటు దొరకదు కాబట్టి టెంట్ మాత్రం తీసేయొద్దు. ట్యాంకుల్లో వాననీళ్లే, కాచుకోండి లేదా ఫిల్టర్‌తో వడగట్టుకోండి.

విజయ_ఆర్మడేల్:
బాబాయ్ గారు బూట్ల మాట మరిచారు. ఆ కొండల్లో దారంతా ఎర్ర గులకరాళ్లు, శనగలంత గుండ్రంగా. దిగుడులో వాటి మీద అడుగేస్తే కాలు ముందుకీ మనిషి వెనక్కీ! నేను కొత్త బూట్లతో వెళ్లాను. మూడో రోజుకి రెండు మడమలూ ఊడి, సాక్సు విప్పితే చర్మం దానితోనే వచ్చింది. బ్యాగు పూర్తి బరువుతో, అవే బూట్లతో హెవెట్స్ హిల్ గుడిసెకి వెళ్లి ఒక రాత్రి పడుకుని రండి. కలమండా నుంచి పది కిలోమీటర్లే. అప్పుడు ఏం తీసేయాలో మమ్మల్ని అడగక్కర్లేదు. చేతికర్రలు మాత్రం కొనుక్కోండి. బయల్దేరేచోట బూట్ల అడుగులు బ్రష్‌తో దులుపుకోండి, మట్టితో పాటు జర్రా చెట్లని చంపే తెగులు పాకుతుంది.

తెనాలి_పెర్త్:
శనివారం హెవెట్స్ హిల్‌కి వెళ్లొచ్చాం. ఇంటికి రాగానే మూడో జత జీన్స్, స్టీలు గ్లాసులు, కుర్చీ తీసేశాను. ఇప్పుడు 13.5. గ్రింగర్ క్రీక్‌కి ఆయన ఒప్పుకున్నారు. ఆవకాయ సీసా తూచాను, 640 గ్రాములు. ముక్కలు మాత్రం చిన్న డబ్బాలోకి తీశాను, 150. గుడిసెల్లో ఎలుకలున్నాయని తిండి సంచి కొక్కేనికి వేలాడదీశాం. బాబాయ్ గారూ, ఎలుకలు ఆవకాయ తింటాయా? ఈయనకి రాత్రి నిద్ర పట్టలేదు.