రన్‌వే పేవ్‌మెంట్ స్ట్రెస్‌లు: రెండు ప్రోగ్రాములు రెండు జవాబులు చెబుతుంటే దేన్ని నమ్మాలి?

ప్రశ్న, కర్నూలు నుంచి:

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నా. మన ఓర్వకల్లు విమానాశ్రయంలో ఉన్నట్టు 2000 మీటర్ల రన్‌వే ఒకటి ఊహించుకుని, దాని మీద చిన్న ఏటీఆర్ విమానాల బదులు పెద్ద ఎ320 తిరిగితే కింద నల్లరేగడి సబ్‌గ్రేడ్ (రన్‌వే పొరల కింది నేల) మీద ఎంత స్ట్రెయిన్ (లోడుకు నేల నొక్కుకుపోయే నిష్పత్తి) పడుతుందో లెక్క కడుతున్నా. పైథాన్‌లో నేను రాసుకున్న లేయర్డ్ ఎలాస్టిక్ స్క్రిప్ట్ (రన్‌వేను సాగే గుణమున్న పొరలుగా తీసుకుని లెక్కించేది) ఒక జవాబు ఇస్తుంది, ల్యాబ్‌లో ఎవరో ఎప్పుడో వేసిపోయిన పాత ప్రోగ్రాం ఇంకో జవాబు ఇస్తుంది, సబ్‌గ్రేడ్ నెత్తిన స్ట్రెయిన్‌లో తేడా 11 శాతం. గైడ్ సార్ ఏమో ఫార్‌ఫీల్డ్ అనే ఇంకో ప్రోగ్రాంలో కూడా వేసి చూడమంటున్నారు. వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు, అనంతపురం నుంచి:

ఏమప్పా, మూడో ప్రోగ్రాం తెచ్చి ఓటింగ్ పెడతావా? ఫార్‌ఫీల్డ్ మంచిదే, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్లది, కానీ అది డిజైన్ చేయడానికి కట్టింది, కొన్ని విలువలు అదే తీసుకుంటుంది, నీ ఇన్‌పుట్‌కు దాని ఇన్‌పుట్‌కు పొంతన లేకపోతే మూడో నంబరు ఒకటి వచ్చి తలనొప్పి పెరుగుతుంది అంతే. కొత్త కాటా కొన్నవాడు పక్క అంగడి కాటాతో పోల్చడు కదా, ముద్ర ఉన్న తూకంరాయి పెట్టి చూస్తాడు. మన లెక్కలో ఆ రాయి బూసినెస్క్ సూత్రం, అంటే పొరలు లేని ఒకే రకం నేల మీద లోడు పెడితే లోపల స్ట్రెస్ (వైశాల్యానికి పడే బలం) ఎంతో చెప్పేది.

లేయర్లన్నీ అలాగే ఉంచి, అన్నిటికీ ఒకే మాడ్యులస్ (మెటీరియల్ బిగువు), ఒకే పాయిజన్స్ రేషియో (నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) ఇవ్వు. అప్పుడు అది లేయర్లు లేని ఒకే నేలతో సమానం, జవాబు కాగితం మీదే వస్తుంది. వృత్తాకార లోడు మధ్యన నిలువు స్ట్రెస్ = పీడనం × [1 − లోతు³ ÷ (వ్యాసార్థం² + లోతు²)^1.5].

పీడనం 1.4 ఎంపీఏ (మెగాపాస్కల్), వ్యాసార్థం 150 మి.మీ., మాడ్యులస్ 100 ఎంపీఏ, పాయిజన్స్ రేషియో 0.35 పెట్టుకో. 150 మి.మీ. లోతులో 0.905 ఎంపీఏ రావాలి, 300 దగ్గర 0.398. ఉపరితలం మీద మధ్యలో కుంగు 3.686 మి.మీ., లోడు అంచు దగ్గర 2.346. చాలామంది మధ్య బిందువు ఒక్కటే చూసి సరిపోయిందంటారు. అంచు దగ్గర కుంగు మధ్యలో దానికి 2/π వంతు ఉండాలి, ప్రోగ్రాం అక్కడే తడబడుతుంది కాబట్టి అది తప్పక చూడు.

సూత్రం అవసరం లేని పరీక్షలు కూడా ఉన్నాయి, ఇవి నీ అసలు లేయర్ల మీదే చేయొచ్చు. పీడనం రెట్టింపు చేస్తే స్ట్రెస్ సరిగ్గా రెట్టింపు కావాలి. మాడ్యులస్‌లన్నీ పదింతలు చేస్తే స్ట్రెస్ కదలకూడదు, స్ట్రెయిన్ పదో వంతుకు దిగాలి. 450 మి.మీ. బేస్ పొరను 225 చొప్పున రెండుగా కోసి అదే మెటీరియల్ ఇస్తే ఏమీ మారకూడదు. రెండు చక్రాల జవాబు ఒక్కో చక్రానికి విడిగా వచ్చినవాటి మొత్తం కావాలి, ఎ320లో పక్కపక్క చక్రాల మధ్య దూరం 927 మి.మీ., దాంతోనే చూడు.

కర్నూలు:

థాంక్స్ అన్నా, చేశాను. నా స్క్రిప్ట్‌లో 0.905, 0.398 రెండూ వచ్చాయి, కానీ ఉపరితలం మీద 1.4 రావాల్సిన చోట 1.31 చూపిస్తోంది. పాత ప్రోగ్రాం 150 దగ్గరే వేరే చెబుతోంది, అదే లేయర్లు తీసేసి ఒక్కటే ఇస్తే మాత్రం సరిగ్గా 0.905!

అనంతపురం:

రెండింటి జబ్బులూ వేరు. పాత ప్రోగ్రాం లేయర్ల మధ్య అతుకు లేదనుకుంటోంది, అంటే ఒకటి ఇంకోదాని మీద జారేటట్టు. ఎక్కడో ఇంటర్‌ఫేస్ ఆప్షన్ ఉంటుంది, పూర్తి బంధం పెట్టి మళ్లీ నడుపు, నీ 11 శాతం చాలావరకు అక్కడే పోతుందని నా అంచనా.

నీ స్క్రిప్ట్‌లో ఉన్నది ఇంటిగ్రేషన్ సమస్య, అంటే అనంతం దాకా కూడాల్సిన లెక్కను మధ్యలో ఆపడం. లోతు ఉన్నప్పుడు బెస్సెల్ ఫంక్షన్ల (అలల్లా ఊగే ఫంక్షన్లు) పక్కన ఉండే ఎక్స్‌పొనెన్షియల్ పదం త్వరగా చచ్చిపోతుంది, ఉపరితలం మీద అది ఉండదు, ఫంక్షన్ అలా ఊగుతూనే ఉంటుంది, నువ్వు ఏదో ఒక పరిమితి దగ్గర కోసేశావు. ఆ పరిమితి కొంచెం కొంచెం పెంచి చూడు, జవాబు ఒకసారి 1.4 కంటే కింద, ఒకసారి పైన వస్తే అనుమానమే అక్కర్లేదు. పాయింట్లు ఊరికే పెంచుకుంటూ పోవద్దు. పై లేయర్ గుణాలతో బూసినెస్క్ భాగాన్ని సూత్రంతోనే లెక్కించి, మిగిలిన తేడాను మాత్రం ఇంటిగ్రేట్ చెయ్, అది త్వరగా తగ్గిపోతుంది.

కర్నూలు:

బంధం పెట్టాక తేడా 0.4 శాతానికి వచ్చింది. ఇంత ఉంటే పరవాలేదా?

అనంతపురం:

స్ట్రెస్‌లో కాదు, రన్‌వే ఎన్నాళ్లు నిలుస్తుందనే ఆయుష్షులో చూడు. సబ్‌గ్రేడ్ ఆయుష్షు లెక్కించే నమూనాల్లో స్ట్రెయిన్‌కు సుమారు ఎనిమిదో ఘాతం ఉంటుంది. 11 శాతం తేడా అంటే ఆయుష్షు లెక్కలో రెండింతలకు పైనే, 5 శాతమైనా దాదాపు ఒకటిన్నర రెట్లు. 0.4 అంటే 3 శాతం చిల్లర, నల్లరేగడి మాడ్యులస్ తడికీ ఎండకీ మారేదాని ముందు అదొక లెక్కా. వైవాలో ఈ మాటే చెప్పు.

కడప నుంచి:

మధ్యలో వస్తున్నా సార్, మాది కాంక్రీటు ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు), లెక్క ఫైనైట్ ఎలిమెంట్‌తో, అంటే స్లాబ్‌ను చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) కోసి. బూసినెస్క్ పనికిరాదు కదా?

అనంతపురం:

రాదు, కాంక్రీటు స్లాబ్‌లకు వెస్టర్‌గార్డ్ సూత్రం తీసుకోండి. స్ప్రింగుల నేల మీద పెద్ద స్లాబ్, నడిమధ్య లోడు. మాడ్యులస్ 28000 ఎంపీఏ, మందం 300 మి.మీ., పాయిజన్స్ రేషియో 0.15, నేల గట్టితనం ఘనమీటరుకు 80 మెగాన్యూటన్లు అయితే సాపేక్ష దృఢత్వ వ్యాసార్థం 947 మి.మీ. వస్తుంది, 100 కిలోన్యూటన్లకు కుంగు 0.174 మి.మీ. స్లాబ్ దానికి ఎనిమిదింతలైనా వెడల్పు పెట్టండి, లేకపోతే అంచుల ప్రభావం కలిసిపోతుంది. మందానికి ఒకే లీనియర్ బ్రిక్ ఎలిమెంట్ పెట్టారా? అది వంగనంటుంది, స్ట్రెస్ తక్కువగా కనిపిస్తుంది. మెష్ (ముక్కల సైజు) సగానికి చేసి మళ్లీ నడపండి, కుంగు నిలకడగా ఉండి లోడు కింద స్ట్రెస్ మాత్రం ప్రతిసారీ పెరుగుతూ పోతే లోడును బిందువు మీద పెట్టారని అర్థం, టైరు అచ్చు అంత మేర పరిచి మళ్లీ చూడండి.