బ్రాంప్టన్‌లో ఎలక్ట్రీషియన్ పని: ఇంజనీరింగ్ చదివినవాడు దిగవచ్చా?

కొత్తగా వచ్చినవారి ప్రశ్న:
నమస్కారం. ఈఈఈ చదివి, విజయవాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర మూడేళ్లు అపార్ట్‌మెంట్ల వైరింగ్ చేయించాను. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి గోదాములో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. ఎలక్ట్రీషియన్‌గా మారాలని ఉంది. ఇంత చదివి వైర్లు లాగుతావా అని నాన్నగారు కోప్పడుతున్నారు. మళ్లీ కాలేజీలో చేరాలా?

మిస్సిసాగా నుంచి:
తమ్ముడూ, కాలేజీకి అప్పుడే డబ్బు కట్టకు. మన ఒంటారియో రాష్ట్రంలో ఈ పనిని 309ఏ అంటారు. లైసెన్సు అయినా ఉండాలి, అప్రెంటిస్‌గా నమోదై అయినా ఉండాలి. మొత్తం 9,000 గంటల శిక్షణ. అందులో తరగతి గదిలో కూర్చునేది 840 గంటలే, అదీ మూడు విడతల్లో. మిగిలినదంతా జీతం తీసుకుంటూ నేర్చుకోవడమే. కాబట్టి నువ్వు వెతకాల్సింది సీటు కాదు, నిన్ను అప్రెంటిస్‌గా తీసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టే యజమానిని. కష్టమంతా అక్కడే ఉంది, చెప్పులరిగేలా తిరగాలి.

"ముందు పనిలో చేరు, నమోదు సంగతి తర్వాత చూద్దాం" అనేవాళ్ల దగ్గర ఒక్క పూట కూడా ఆగవద్దు. ఈ వృత్తుల నమోదు, లైసెన్సులు చూసే స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో లెక్కలోకి ఎక్కని గంటలు గాలికి పోయినట్టే. ఎక్కినవి మాత్రం నీ సొంతం. కంపెనీ మూతపడినా, నువ్వే మానేసినా నీ వెంట వస్తాయి. నన్నడిగితే ఈ వృత్తి విలువ జీతంలో కన్నా అందులోనే ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావమరిది ఉద్యోగం పోయినప్పుడల్లా ఇంటర్వ్యూలకు ఓనమాల నుంచి చదువుకుంటాడు, పాపం.

అక్కడి అలవాట్లు కొన్ని వదిలించుకోవాలి. మన దగ్గర నలుపు తీగ న్యూట్రల్ కదా. ఇక్కడ నలుపులో కరెంటు ఉంటుంది, న్యూట్రల్ తెలుపు. ఎర్తుకు ఆకుపచ్చ తీగో, తొడుగు లేని రాగి తీగో వాడతారు. పాత ఇళ్లలో స్విచ్చికి వెళ్లే తెలుపు తీగలోనూ కరెంటు ఉండవచ్చు. రంగును నమ్మి చెయ్యి పెట్టకు, మీటరు పెట్టి చూడు.

నాన్నగారికి రెడ్ సీల్ గురించి, అంటే వేరే రాష్ట్రాల్లోనూ చెల్లే వృత్తి గుర్తింపు గురించి చెప్పు. పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే ఆల్బర్టా వెళ్లినా అది చెల్లుతుంది. లోడ్ లెక్కల దగ్గర మిగతావాళ్లు తల పట్టుకుంటారు, నీకు ఈఈఈ అప్పుడు అక్కరకొస్తుంది.

ఒట్టావా నుంచి:
అన్నగారు చలి ఊసెత్తలేదు. మావారిదీ ఇదే పని. కిటికీలు కూడా బిగించని భవనంలో జనవరిలో వైర్లు పోయే పైపులు వంచాలి. మందపాటి చేతి తొడుగులతో చిన్న మరలు పట్టు దొరకవు, తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. పని తగ్గితే తరచూ ముందు ఇంటికి పంపేది అప్రెంటిస్‌లనే, గంటలు మీవే అయినా అద్దె ఆగదు. తరగతుల విడతలో ఉపాధి బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది, కొంత పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి. మీ పాత అనుభవం ఇక్కడ చూపించుకోవడానికి విజయవాడ కాంట్రాక్టరుతో ఇప్పుడే మాట్లాడి, లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏయే పనులు మీ చేతులతో చేశారో రాయించుకోండి. "చేయించాను" అని కాదు, "చేశాను" అని ఉండాలి. చేసినవే రాయించండి, ఇక్కడివాళ్లు ఫోను చేసి అడుగుతారు.