ఆధార్ లేని వలస గర్భిణికి యాంటీ-డి ఇంజెక్షన్ వేయించేదెలా?

కోనసీమలో గౌతమి గట్టున ఇటుక బట్టీకి బలంగీర్ నుంచి వచ్చిన ఒడియా అమ్మాయి. రెండో కాన్పు. స్కానింగ్ ప్రకారం 27 వారాల 4 రోజులు. తనది ఓ నెగటివ్, భర్తది బి పాజిటివ్. బిడ్డది పాజిటివ్ అయితే ఆ రక్తానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు తల్లి ఒంట్లో పుట్టకుండా ఆపేదే యాంటీ-డి. ఆధార్, తల్లీబిడ్డల కార్డు రెండూ కూలీలను పనికి తెచ్చిన సర్దార్ దగ్గరున్నాయి, అతను ఫోనెత్తడం లేదు. గ్రూపు రాసిన చీటీ ఒక్కటే పాలిథిన్‌లో చుట్టి కొంగున ముడేసుకుని తిరుగుతోంది.

మొదటి కాన్పు ఇంట్లోనే అయింది, అప్పుడు యాంటీ-డి వేయలేదు. ఆ భయంతోనే మొన్న ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయించాం. నెగటివే, అంటే ఇంజెక్షన్ ఇంకా పనికొస్తుంది. యాంటీబాడీలు తయారయ్యాక వేసినా లాభం లేదు. హిమోగ్లోబిన్ 8.4.

9వ తారీఖు, గర్భిణులకు ఉచితంగా చేసే సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలకి తీసుకెళ్లాం. చూశారు, ఐరన్ మాత్రలిచ్చారు. ఆన్‌లైన్ ఎంట్రీ దగ్గర మాత్రం ఆధార్ అడిగి ఆపేశారు. జననీ శిశు సురక్ష పథకం కింద గర్భిణికి మందులు ఉచితం కదా అంటే, ఇంజెక్షన్ స్టాకు లేదు, బయట కొనుక్కోమన్నారు. వెయ్యి ఇటుకల లెక్కన కూలి తీసుకునేవాళ్లు ఎక్కడ కొంటారు? కాన్పయ్యాక 72 గంటల్లోపు వేసే డోసు వేరే ఉంది. అప్పటికి వాళ్లు ఊరెళ్లిపోయినా వెళ్లిపోవచ్చు.

ఆధార్ లేకుండా 28 వారాల డోసు, 300 మైక్రోగ్రాములు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేయించాలంటే అర్జీ ఎవరి పేరున, ఏమని రాసివ్వాలి?