అప్‌డేట్: పాత భవనాల జాబితా ఎక్కడి దాకా వచ్చిందంటే

పట్టణంలో కాపాడుకోవాల్సిన పాత కట్టడాలను ఎలా ఎంచుకోవాలి, వయసొక్కటే చూస్తే సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఎక్కువ పనికొచ్చింది బుర్రా చార్టర్ చదవమన్న సలహా. పాత కట్టడాలను కాపాడటం కోసం ఆస్ట్రేలియాలో 1979లో ఆమోదించిన ఈ పత్రం అందం, చరిత్రతో పాటు ఆ చోటుతో జనానికి ఉన్న అనుబంధాన్నీ విలువగానే లెక్కిస్తుంది. దాంతో పెద్ద భవంతుల సరసన గడియార స్తంభం, పాత రీడింగ్ రూమ్ కూడా జాబితాలో చేరాయి.

అసలు పేచీ మరమ్మతుల దగ్గర వచ్చింది. సున్నంతో కట్టిన గోడల పగుళ్లకు సిమెంట్ పూసేద్దామన్నారు కొందరు. వద్దని గట్టిగా చెప్పాం. సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంట్ పూత దాన్ని లోపలే ఆపేస్తుంది. ఆ తేమ, ఉప్పు కలిసి మెత్తటి ఇటుకను తినేస్తాయి. పైకి మాత్రం గోడ కొత్తగా కనిపిస్తుంది, అందుకే ఒప్పించడం కష్టం! చివరికి, గోడల కంటే ముందు నీళ్లు లోపలికి దిగకుండా పైకప్పు కారడం ఆపాలని తేలింది.

ఊడిపోయిన నగిషీలను ఊహించి మళ్లీ చెక్కించాలా? పాత కట్టడాల పరిరక్షణపై అంతర్జాతీయ పత్రమైన 1964 నాటి వెనిస్ చార్టర్ ప్రకారం ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చింది కొత్తదని తెలియాలి కూడా. నాకైతే ఇది బాగా నచ్చింది.

ఇప్పుడు ఫొటోలు, కొలతలు తీస్తున్నాం. ఖాళీగా ఉన్నవాటితోనే మొదలుపెట్టాం, అక్కడ చిన్న లీకు ఎవరి కంటా పడదు కాబట్టి. ఇక యజమానులతో మాట్లాడాలి. టెన్షనంతా దాని గురించే.