సమస్యాపూరణం: "దీపమునుఁ బట్టి దొరలెల్ల దీనులైరి"

సంచాలకులు:
ఫ్రాన్సు రాజు 14వ లూయి గురించి చదువుతుంటే ఈ పాదం తట్టింది. పారిస్ దగ్గరి వర్సాయి రాజభవనంలో రాత్రి పడుకోబోయే ముందు రాజు చుట్టూ చూసి ఒకరి పేరు పలికేవాడు. ఆ అదృష్టవంతుడు చేతి తొడుగు తీసేసి, ముందుకొచ్చి, రాజు పక్కెక్కేదాకా కొవ్వొత్తి పట్టుకుని నిలబడాలి. అంతే! ఆ పిలుపు కోసం పెద్ద పెద్ద డ్యూకులు కాచుకుని ఉండేవారు. ఐరోపా నిరంకుశ రాజుల కాలం దాటకుండా పూరించండి.

గౌతమీతీరం:
వేకువను లేచి నడిరాత్రి వేళదాఁక
రాజు చొక్కాయి నందించు రాచపదవిఁ
గోరి వర్సాయి చేరిరి కోట విడిచి;
దీపమునుఁ బట్టి దొరలెల్ల దీనులైరి.

పాతకలం:
ధార బాగుంది గౌతమీతీరం గారూ, మీ ధారకి ఎప్పుడూ లోటు లేదు. కానీ మలుపేది? చొక్కా అందించడం పొద్దుటి ముచ్చట, దీపం రాత్రి ముచ్చట. మూడు పాదాలు చొక్కా దగ్గరే ఆగి, నాలుగో పాదంలో దీపం ఊడిపడింది.

గౌతమీతీరం:
మొదటి పాదం మళ్లీ చదవండి. "వేకువను లేచి నడిరాత్రి వేళదాఁక" అన్నాక పొద్దూ రాత్రీ రెండూ వచ్చేశాయి. నా బలమంతా "కోట విడిచి"లో ఉంది. 1682 మే నెలలో కొలువు శాశ్వతంగా వర్సాయికి మారింది. సొంత ప్రాంతంలో బలగంతో ఉన్న దొర రాజుకి ప్రమాదం. రాజు పడకగది గుమ్మంలో నిలబడ్డ దొరతో ఏ ప్రమాదమూ లేదు.

చరిత్ర మేష్టారు:
బాల్యమందున ఫ్రోండులో భయముపడిన
రాజు మరువక పగఁబూని రాచనగరి
దొరల గర్వము మన్ననఁ గూల్చివేసె;
దీపమునుఁ బట్టి దొరలెల్ల దీనులైరి.

ఫ్రోండు అంటే 1648 నుంచి 1653 దాకా సాగిన తిరుగుబాట్లు. 1651 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రాజు పారిపోతున్నాడన్న పుకారుతో పారిస్ జనం రాజభవనంలోకి వచ్చి, పిల్లవాడు మంచం మీద ఉన్నాడో లేడో చూసి వెళ్లారు. పన్నెండేళ్ల లూయి నిద్ర నటిస్తూ పడుకున్నాడు. పెద్దయ్యాక ఆ పడకగదినే దొరలు కొలిచే గుడిగా మార్చాడు.

పాతకలం:
మేష్టారూ, చరిత్ర అద్భుతం. మూడో పాదంలో "దొ"కి "గూ"తో యతి ఎక్కడిది? ప్రాసయతి కూడా కుదరదు. ఇలా చూడండి:

దొరల పొగరును మన్ననతోడ నణఁచె

చరిత్ర మేష్టారు:
యతి కుదిరింది, దెబ్బ తగ్గింది. "కూల్చివేసె"లో ఉన్న చప్పుడు "అణఁచె"లో లేదు.

గౌతమీతీరం:
పాతకలం గారి సవరణే నాకు నచ్చింది. కత్తితో అణచడం ఎవరైనా చేస్తారు, మన్ననతో అణచడమే లూయి విద్య. సవరణల్లో ఈయనకి తిరుగులేదు. సొంత పూరణ కోసం మాత్రం ఉగాది నుంచి ఎదురుచూస్తున్నాం. అప్పుడైనా "రాజ్యమన నేనె" అన్న మాటని లూయి నోట పెట్టి పద్యం నడిపారు. 1655లో పారిస్ పార్లమెంటులో (పేరుకి పార్లమెంటే గానీ అది న్యాయస్థానం) ఆ మాట అన్నట్టు ఆనాటి రికార్డు ఏదీ లేదు.

పాతకలం:
కవి చరిత్రకి గుమాస్తా కాదు. ఆ మాట ఆయన అనకపోయినా ఆయన పాలన అంది. 1661లో మజారిన్ చనిపోగానే ఇక ప్రధానమంత్రి అక్కర్లేదన్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆర్థిక వ్యవహారాలు చూసే ఫూకేని అరెస్టు చేయించాడు.

చరిత్ర మేష్టారు:
అలాగైతే ఆ పద్యం డెన్మార్కు రాజుకి ఇవ్వాల్సింది. 1665లో నిరంకుశత్వాన్ని ఏకంగా శాసనంగా రాసుకున్నది వాళ్లే. లూయి రాయలేదు, నడిపించాడు. ఇక్కడ దొరలు కొవ్వొత్తి వంతు కోసం చూస్తుంటే, ప్రాంతాల్లో పన్నుల మీదా న్యాయం మీదా అజమాయిషీ రాజు పంపిన ఇంటెండెంట్లు చేసేవారు. వాళ్లని రాజు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పిలవొచ్చు. అసలు అధికారం చేతులు మారింది అక్కడ.

తుంగభద్ర:
సూర్యుఁడే రాజు, సూర్యుని చుట్టు తిరుగు
గ్రహములై తమ వెలుఁగునుఁ గానలేక
పట్టపగటి యా భానుని పడకటింట
దీపమునుఁ బట్టి దొరలెల్ల దీనులైరి.

గౌతమీతీరం:
ఆహా! సూర్యుడికే దీపం పట్టించారమ్మా! ఇదీ మలుపంటే. దీపం చేతిలో ఉన్నా వెలుగు తమది కాదు.

పాతకలం:
మలుపు ఒప్పుకుంటాను. కానీ కొవ్వొత్తి పట్టేది రాత్రి. "పట్టపగటి" ఎలా పొసుగుతుంది తుంగభద్ర గారూ?

తుంగభద్ర:
పొసగకపోవడమే నాకు కావాలండీ. 1653లో పద్నాలుగేళ్ల లూయి రాత్రంతా సాగే బాలే నాటకం చివర ఉదయించే సూర్యుడి వేషం కట్టి ఆడాడు. ఫ్రోండు చల్లారుతున్న రోజులవి. అప్పటినుంచీ ఆ సూర్యుడికి అస్తమయం లేదని చాటడమే కొలువు పని. పడుకోబోతున్నా ఆయన పట్టపగలే.

చరిత్ర మేష్టారు:
"దీనులైరి" మీద ఒక్క మాట. ఈ దొరలు తాయ్ అనే భూమి పన్ను కట్టనక్కర్లేదు, పైగా పింఛన్లు. ఆ పన్ను మోసింది రైతు. ఏ పూరణలోనూ ఆ రైతు రాలేదు. నాదాంట్లోనూ.

సంచాలకులు:
రైతుతో పూరణ ఎవరైనా రాస్తే రేపటిదాకా ఆగుతాను. ఇప్పటికి తుంగభద్ర గారిదే మొదటి స్థానం. మేష్టారి పద్యం పాతకలం గారి సవరణతో సంకలనంలోకి వెళుతుంది, యతి లేని పాదం అచ్చు వేయను. పాతకలం గారూ, మీ సొంత పూరణ కూడా రేపటిలోగా.

పాతకలం:
రైతుతోనే వస్తాను.